ఎవరు చెప్పిండ్రు? – పసుపు కాగితం నుంచి పసుపు పేటెంటు దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు ఫోన్ చేసినప్పుడు, మన బడి పిల్లలు చేసిన సైన్సు ప్రాజెక్టుల చరిత్ర రాస్తానని ఉత్సాహంగా ఒప్పుకున్నాను. తీరా కూర్చున్నాక తెలిసింది, చేతిలో ఆధారం ఒక్కటీ లేదని. తోటి విద్యార్థులు పదిమందికి ఫోన్లు చేశాను. ఒకరు 1984 అంటే ఇంకొకరు 1987 అన్నారు. అగ్గిపుల్లలతో వంతెన కట్టింది తానే అని ఇద్దరు వాదించారు. ఎవరి దగ్గరా ఒక చార్టు లేదు, ఫోటో లేదు, నోటు పుస్తకం లేదు. తప్పు ఇంకెవరిదో కాదు, మాదే. నా చార్టు వెనుక వైపు ఖాళీగా ఉందని నేనే దాన్ని కత్తిరించి ఇంటర్ పుస్తకాలకు అట్టలు వేసుకున్నాను.

అందుకని ఈ వ్యాసం దారి మార్చుకున్నాను. బడి పిల్లలు సైన్సు వ్యాసం ఎలా రాయాలి, అందులో 'ఈ మాట ఎక్కడిది' అని ఎందుకు చెప్పాలి అన్నదాని చరిత్ర ఇది. మన ప్రాంతం పసుపు లేకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. నేను చాలా ఏళ్లుగా దాచుకున్న ఒక తప్పు కూడా ఇందులో ఉంది.

నా చార్టు, ఆ ప్రశ్న

1985-86లో నేను పదో తరగతి. నిజామాబాద్‌లో జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకు మన బడి నుంచి నన్ను పంపారు. నా అంశం 'పసుపు కాగితం'. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, సన్నని ముక్కలు చేసి, పది రకాల ద్రవాలలో ముంచి చూడటం. సున్నపు తేటలో, సబ్బు నీళ్లలో, బూడిద నీళ్లలో ముంచితే కాగితం ఎర్రబడుతుంది. చింతపులుసులో, నిమ్మరసంలో, మజ్జిగలో ముంచితే పసుపుగానే ఉంటుంది. ఎర్రబడిన కాగితం మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు అవుతుంది. పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు రాస్తే ఎర్రబడటం ప్రతి ఇంట్లో చూసిందే. ఆ ఎరుపు వెనుక క్షారం ఉందని చూపించడమే నా ప్రాజెక్టు.

చార్టు కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాశాను: 'పసుపులో సున్నం కలిపితే కుంకుమ రంగు వస్తుందని శాస్త్రవేత్తలు కనుగొన్నారు.'

న్యాయనిర్ణేతగా వచ్చిన ఒక పెద్దాయన చార్టంతా చదివి, వేలు ఆ వాక్యం మీద పెట్టి అడిగారు: "ఏ శాస్త్రవేత్త బాబూ? ఎప్పుడు కనుక్కున్నాడు? నీకు ఎవరు చెప్పారు?"

నాకు నోట మాట రాలేదు. నిజానికి ఆ సంగతి చెప్పింది మా అమ్మ. పండుగకు ముందు పసుపు, సున్నం, వెలిగారం కలిపి కుంకుమ చేసేటప్పుడు నేను పక్కనే కూర్చునేవాణ్ని. కానీ చార్టు మీద 'మా అమ్మ చెప్పింది' అని రాస్తే నవ్వుతారని, 'శాస్త్రవేత్తలు' అని రాసుకున్నాను. ఆయన ఇంకేమీ అనకుండా పక్క బల్ల దగ్గరకు వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఆర్టీసీ బస్సులో మా సైన్సు సారు పక్కన కూర్చోబెట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. "మీ అమ్మ జెప్పిందని రాస్తే తప్పేందిరా? లేని శాస్త్రవేత్తను ఎందుకు పుట్టించినవ్?" అన్నారు. మర్నాడు ఒక నోటు పుస్తకం ఇచ్చి, పేజీకి రెండు నిలువు గీతలు కొట్టి మూడు గడులు చేశారు. "మొదటి గడిల నువ్వు కండ్లార చూసింది. రెండో గడిల ఎవరన్న జెప్తే విన్నది, చెప్పినోళ్ల పేరుతోని. మూడో గడిల చదివింది, పుస్తకం పేరు, పేజీతోని. ఈ మూడు కలపకు. కలిపినవా, ఇగ నీ మాట నువ్వే నమ్మలేవు."

ఆ తర్వాత ఇంజనీరింగ్ చదివాను, ముప్పై ఏళ్లకు పైగా నిర్మాణ రంగంలో పని చేశాను. పరిశోధన వ్యాసం గురించి అంతకంటే తేలికగా, అంతకంటే పూర్తిగా చెప్పినవారు నాకు మళ్లీ కనబడలేదు.

సికింద్రాబాదులో ఒక ఆగస్టు

సారు చెప్పిన మూడు గడులను అక్షరాలా పాటించిన పరిశోధన ఒకటి మన దగ్గరే జరిగింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తం తాగిన దోమను కోసి మైక్రోస్కోపు కింద చూశాడు. దోమ కడుపు గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. మలేరియా దోమ ద్వారా వ్యాపిస్తుందన్న నిజానికి అది తొలి ప్రత్యక్ష ఆధారం. అదే ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసం అచ్చయింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

మలేరియా పరాన్నజీవిని మొదట చూసింది రాస్ కాదు. 1880లో అల్జీరియాలో లావెరాన్ చూశాడు. దోమకు దీనితో సంబంధం ఉండొచ్చని 1894లో ప్యాట్రిక్ మాన్సన్ రాశాడు. రాస్ ఆ ఊహను పట్టుకుని పని చేశాడు, ఆ మాట దాచుకోలేదు. అంటే ఆయన మూడో గడి నిండుగా ఉంది. రెండోది, ఆ దోమ జాతి పేరు ఆయనకు తెలియదు. తెలిసినట్టు నటించి ఏదో లాటిన్ పేరు తగిలించలేదు. చుక్కల రెక్కల దోమ అని, తాను చూసిన రూపాన్నే వర్ణించాడు. దాన్ని మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నాం. తెలియనిదాన్ని తెలియనట్టుగానే, చూసినదాన్ని చూసినట్టుగానే రాయడం వల్లే తరువాతివాళ్లు ఆయన పనిని అందుకుని ముందుకు తీసుకుపోగలిగారు.

ఒక పేరు వందేళ్లు నిలవడం

సైన్సు సంగతులను పత్రికలో అచ్చువేసి అందరికీ పంచే అలవాటు 1665లో లండన్‌లో మొదలైంది. రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఆ ఏడాది 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రికను ప్రారంభించాడు. అంతకు ముందు పండితులు తాము కనుక్కున్నది దాచుకునేవారు, లేదా ఉత్తరాలలో రాసుకునేవారు. అచ్చులోకి వచ్చాక ఒక సౌకర్యం కలిగింది. ఏ సంగతి ఎవరు ముందు చెప్పారో తేదీతో సహా చూపించవచ్చు. ఎవరి వ్యాసాన్ని ఎవరు ప్రస్తావించారో వెతుక్కునేందుకు యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' తెచ్చాడు. నేటి పరిశోధకుల కొలమానాలన్నిటికీ అదే పునాది.

ఈ ప్రస్తావనల బలం తెలియాలంటే మన తెలుగువాడినే చూడాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని నీలి రంగు ద్వారా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో అది అచ్చయింది. నేటికీ దాన్ని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే అంటారు. ఆయన బతికుండగా తగిన గుర్తింపు రాలేదని మనం తరచూ బాధపడతాం, అది నిజమే. కానీ ఆ ఒక్క వ్యాసాన్ని ప్రస్తావించిన ప్రతి విద్యార్థీ ఆయన పేరు రాయక తప్పలేదు. సన్మానాలు, శాలువాలు ఇవ్వలేని గౌరవం వ్యాసం చివర ఒక్క పంక్తి ఇచ్చింది.

మన పసుపు, వాళ్ల పేటెంటు

ఇక అసలు కథ. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ల కార్యాలయం 5,401,504 నంబరుతో ఒక పేటెంటు ఇచ్చింది. గాయాలు మానడానికి పసుపును వాడే విధానం మీద అది. తీసుకున్నవారు మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఇద్దరు పరిశోధకులు. ఇద్దరూ భారత సంతతివారే.

ఆ వార్త పేపర్లో చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొడవలి తెగితే పసుపు అద్దడం మన దగ్గర ఏ పిల్లవాడికి తెలియదు? పసుపు తవ్వే చేలో కాలికి గునపం తగిలితే, అక్కడే కొమ్ము నూరి కట్టు కట్టుకుని మళ్లీ పనిలో దిగే మనుషులను చూసిన కళ్లు మనవి.

మనకు తెలుసు అంటే మాత్రం చెల్లదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం, విదేశాల్లో జనం వాడుకలో ఉన్నదన్న కారణం ఒక్కటే పేటెంటును కొట్టివేయడానికి చాలదు. ఆ సంగతి అంతకు ముందే ఎక్కడైనా అచ్చులో ఉండాలి. మన కోట్లాది అమ్మల అనుభవం ఒక పక్క, కాగితం మీద ఒక్క పంక్తి ఇంకో పక్క పెడితే, అక్కడ తక్కెడ కాగితం వైపే మొగ్గుతుంది.

అప్పుడు భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి, సీఎస్ఐఆర్, రంగంలోకి దిగింది. రఘునాథ్ మషేల్కర్ దాని డైరెక్టర్ జనరల్. 1996లో పేటెంటును పునఃపరిశీలించమని మండలి దరఖాస్తు పెట్టింది. దానితో పాటు 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలున్నాయి, కొన్ని వందేళ్లు దాటినవి. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో అచ్చయిన ఒక వ్యాసం కూడా ఉంది. 1997లో ఆ పేటెంటు హక్కులు చెల్లవని అమెరికా కార్యాలయం తేల్చింది. వర్ధమాన దేశపు సంప్రదాయ జ్ఞానం ఆధారంగా ఒక అమెరికా పేటెంటును సవాలు చేసి గెలిచిన మొదటి సందర్భంగా దీన్ని చెప్పుకుంటారు.

నాకు ఇందులో 1953 వ్యాసం గుండెకు తగులుతుంది. దాన్ని రాసినవారు ఆ రోజు పేటెంటు యుద్ధాన్ని ఊహించి ఉండరు. తమకు తెలిసింది ఒక పత్రికకు రాసి పంపారు, అంతే. నలభై ఏళ్ల తరువాత ఆ పేజీలు దేశం పక్షాన సాక్ష్యం చెప్పాయి. ఈ అనుభవం నేర్పిన పాఠంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం పని మొదలైంది. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలలోని విషయాలను పేటెంటు పరిశీలకులకు అర్థమయ్యే భాషల్లోకి, వర్గీకరణలోకి తెస్తున్నారు.

పదేళ్ల ముందు నిజామాబాద్‌లో ఆ పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్ననే అమెరికా కార్యాలయం భారతదేశాన్ని అడిగింది: ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ? దేశం 32 కాగితాలు చూపించింది. నేను ఒక్కటీ చూపించలేకపోయాను.

బడి పిల్లల వంతు

మన దేశంలో బడి పిల్లలకు జాతీయ స్థాయి సైన్సు ప్రదర్శనలను ఎన్‌సీఈఆర్‌టీ 1971 నుంచి జరుపుతోంది. 1988 నుంచి చాలా ఏళ్లు వాటిని నెహ్రూ పేరుతో పిలిచారు. అవి ఎక్కువగా నమూనాల పండుగ. చార్టు, థర్మాకోలు, బల్బు వెలిగితే చప్పట్లు. ఆ 1988లోనే ఏర్పడిన జన విజ్ఞాన వేదిక తెలుగు పల్లెల్లో 'చెకుముకి' పోటీలతో పిల్లలకు ప్రశ్నించడం అలవాటు చేసింది. 1993లో జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలయ్యాక అసలు మార్పు వచ్చింది. 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని, కొలిచి, లెక్కగట్టి, వ్యాసం రాసి చదవాలి. రోజువారీ లాగ్ పుస్తకం చూపించాలి. నమూనా కాదు, పద్ధతి ముఖ్యం అన్నారు. నా తరానికి ఆ అవకాశం లేదు. ఇప్పటి మన పిల్లలకు ఉంది.

అందుకే మన బడి పిల్లల కోసం నాకు తెలిసింది నాలుగు మాటల్లో చెబుతాను.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. 'పసుపు ఉపయోగాలు' అన్నది ప్రశ్న కాదు. 'ఉడకబెట్టిన పసుపు సిమెంటు కళ్లం మీద త్వరగా ఎండుతుందా, టార్పాలిన్ మీదా?' అన్నది ప్రశ్న. రెండు చోట్లా రెండేసి కిలోలు పోసి, రోజూ ఒకే వేళకు తూచి, బరువు తగ్గడం ఆగేదాకా రాసుకుంటే చాలు. మామూలుగా పది పదిహేను రోజులు పడుతుంది. కిరాణా తక్కెడ ఉంటే సరిపోతుంది, ప్రయోగశాల అక్కరలేదు.

వ్యాసంలో వరుస ఇలా ఉండాలి: ప్రశ్న, దాని గురించి ఇంతకు ముందు తెలిసింది, నేను ఏం చేశాను, ఏం కనిపించింది, దాని అర్థం ఏమనుకుంటున్నాను, ఎవరి నుంచి ఏం తీసుకున్నాను. 'కనిపించింది', 'అనుకుంటున్నాను' వేరువేరుగా ఉండాలి. ఒక రోజు వాన పడి తూకం తప్పితే తప్పిందనే రాయాలి. ఖాళీ గడిని ఊహతో నింపకూడదు.

ఆధారం రాసేటప్పుడు చదివేవాడు దాన్ని వెతికి పట్టుకోగలగాలి. పుస్తకమైతే రచయిత, పేరు, ప్రచురించినవారు, సంవత్సరం, పేజీ. పత్రిక వ్యాసమైతే రచయిత, సంవత్సరం, వ్యాసం పేరు, పత్రిక పేరు, సంపుటి, పేజీలు. ఇంటర్నెట్ పేజీ అయితే చిరునామా, చూసిన తేదీ. 'గూగుల్‌లో చూశాను' అంటే 'లైబ్రరీలో చదివాను' అన్నట్టే, ఏ పుస్తకమో చెప్పనట్టే. ఇప్పుడు ఫోన్లో అడిగితే వ్యాసం మొత్తం రాసిచ్చే యంత్రాలు వచ్చాయి. అవి ఒక్కోసారి లేని పుస్తకాలను కూడా ఉన్నట్టు చెబుతాయి, నేను 'శాస్త్రవేత్తలు కనుగొన్నారు' అని రాసినట్టే. మీరు తెరిచి చదవని దాన్ని ఆధారాల్లో రాయకండి.

మనిషి చెబితే, ఆ మనిషి ఒప్పుకుంటే, పేరు, ఊరు, పని, చెప్పిన తేదీ రాయాలి. పసుపు ఎంతసేపు ఉడకాలో వాసన చూసి, కొమ్ములో పుల్ల గుచ్చి చెప్పగల పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆవిరి బాయిలర్లు వచ్చాక ఆ నేర్పు అడిగేవారు తగ్గారు. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది. కానీ ఒక ఊరి పెద్దాయన తలలో ఉన్నది వాళ్ల ఫైళ్లలోకి దానంతట అది నడిచి వెళ్లదు. మన పిల్లలు అడిగి రాస్తే వెళ్తుంది.

ఇంజనీరుగా ఒక చిన్న అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భవనం పునాది లెక్కకు నేల బలం విలువ ఒక పాత ఫైలు నుంచి దింపుకున్నాను. పై ఇంజనీరు నా కాగితం చూసి, "ఈ అంకె ఎక్కడిది?" అన్నాడు. వెనక్కి వెళ్లి చూస్తే అది వేరే స్థలానిది. తవ్వకం మొదలుపెట్టకముందే దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి నా లెక్కల్లో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడిదో రాస్తాను. ఆధారం రాయడం మర్యాద మాత్రమే అనుకుంటారు చాలామంది. అది భద్రత కూడా.

నా బాకీ

ఇప్పుడు ఆ తప్పు. నా చార్టు మీద పది ద్రవాల పట్టిక ఉంది కదా, అందులో నేను పరీక్షించింది నాలుగే. మిగతా ఆరు చేసింది నా పక్క బెంచీ మిత్రుడు. వాళ్ల అమ్మానాన్నలు పసుపు కళ్లాల్లో కూలి చేసేవారు. బూడిద నీళ్లతో చూడాలన్న ఆలోచన వాడిదే. ప్రదర్శనకు ఒక్కరినే పంపుతామన్నారు, నేను వెళ్లాను. చార్టు మీద నా పేరొక్కటే రాసుకున్నాను. వాడు పదో తరగతితో చదువు ఆపి, తరువాత దుబాయి వెళ్లి, ఇరవై ఏళ్లు అక్కడ పని చేసి తిరిగి వచ్చాడు. నేను ఆధారాల గురించి కుర్ర ఇంజనీర్లకు ఉపన్యాసాలు ఇస్తూ వచ్చాను.

ఈ వ్యాసం రాసే ముందు వాడి ఇంటికి వెళ్లి ఈ మాట చెప్పాను. నవ్వాడు. "గింత చిన్నదానికి గిన్నేండ్లు మోసినవారా?" అన్నాడు. సంచికలో పేరు రాస్తానంటే, "పుస్తకాలల్ల నా పేరెందుకురా, వద్దు. మన బడిల రాయి, గది చాలు" అన్నాడు.

అందుకని సంఘానికి నా విన్నపం ఇది. బడి లైబ్రరీకి ఒక గట్టి అట్ట రిజిస్టరు కొని ఇస్తున్నాను. ఇకపై మన పిల్లలు చేసే ప్రతి సైన్సు ప్రాజెక్టు వివరం, చేసినవారందరి పేర్లు, తేదీ, సమాచారం చెప్పిన పెద్దల పేర్లు అందులో రాయాలి. వ్యాసం నకలు ఒకటి పక్కన దాచాలి. పూర్వ విద్యార్థుల దగ్గర పాత కాగితం, ఫోటో ఏదున్నా నకలు తీసి పంపండి. స్వర్ణోత్సవానికి మనకు దొరకని చరిత్ర, వజ్రోత్సవం రాసేవారికి దొరకాలి.

మొదటి పేజీ నేనే రాశాను. 'పసుపు కాగితం, 1985-86. పరీక్షలు చేసినవారు: ఇద్దరు.' వాడి పేరు మొదట, నా పేరు తరువాత. 'పసుపు, సున్నం కలిస్తే ఎర్రబడుతుందన్న సంగతి చెప్పినవారు' అన్న చోట మా అమ్మ పేరు. 'పద్ధతి నేర్పినవారు' అన్న చోట మా సైన్సు సారు పేరు. చూడదలచినవారు లైబ్రరీలో ఆ రిజిస్టరు తెరిచి చూడవచ్చు.